మిత్రులతో కలిసి మొదటిసారి లైవ్ పోకర్ టోర్నమెంటుకు వెళ్ళేవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు నలుగురు మిత్రులు, ఇన్నాళ్ళూ ఇంట్లో బల్ల చుట్టూ కూర్చునీ, కొంత ఆన్‌లైన్‌లోనూ నో-లిమిట్ హోల్డెమ్ (చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, పందేనికి పరిమితి లేని పోకర్) ఆడారు, ఇప్పుడు మొదటిసారి రెండు రోజుల లైవ్ టోర్నమెంటుకు కలిసి బయలుదేరుతున్నారు. ఆటను శ్రద్ధగా ఆడుతూనే ఆ వారాంతాన్ని సరదాగా గడపడం సాధ్యమా, కొత్తవారితో మాట్లాడటానికి బిడియపడే మీ నాలుగో మిత్రుడు అక్కడ ఇమడగలడా అని అడిగారు. నేను పదిహేనేళ్ళుగా ఇలాంటి టోర్నమెంట్లు ఆడుతున్నాను. మధ్యలో రెండేళ్ళు చిన్న టోర్నమెంట్లలో ఫ్లోర్ బాధ్యత, అంటే బల్ల దగ్గర తగాదా వస్తే తీర్పు చెప్పే పని కూడా చేశాను. అందువల్ల ఆటగాడిగా చూసినదీ, బల్లకు అవతల నిలబడి చూసినదీ కలిపి చెబుతాను. మీరు వెళ్ళే చోట చట్టం ఈ ఆటను అనుమతిస్తుందో లేదో ముందే నిర్ధారించుకున్నారనే అనుకుంటున్నాను.

ముందుగా కాలం లెక్క చూడండి, ఎందుకంటే ఆన్‌లైన్ నుంచి వచ్చినవారిని తికమకపెట్టేది అదే. మనిషి ముక్కలు కలిపి, పంచి, చిప్స్, అంటే పందెం బిళ్ళలు, లెక్కపెట్టే బల్ల దగ్గర గంటకు పాతిక నుంచి ముప్పై హ్యాండ్లకు (ముక్కలు పంచినప్పటి నుంచి పందెం తేలేదాకా ఒక హ్యాండ్) మించి సాగవు. పది గంటలు కూర్చుంటే 250 నుంచి 300 హ్యాండ్లు. జాగ్రత్తగా ఆడేవారు వాటిలో ఐదింట ఒకటి ఆడతారనుకుంటే, రోజు మొత్తానికి మీరు నిజంగా పందెంలో ఉండేది యాభై అరవై హ్యాండ్లలోనే. మిగిలిన రెండు వందల పైచిలుకు హ్యాండ్లలో ముక్కలు పారేసి, తొమ్మిదిమంది బల్ల చుట్టూ ఊరికే కూర్చుని ఉంటారు. చేతికి ఆసుల జత వచ్చే అవకాశం 221లో ఒకటి కాబట్టి, సగటున రోజుకు ఒక్కసారి వస్తుంది. దానికోసమే కాచుకుని కూర్చుంటే బ్లైండ్లు (వంతులవారీగా తప్పనిసరిగా పెట్టవలసిన పందేలు) పెరిగిపోయి చిప్స్ కరిగిపోతాయి. ఏదో ఒక జత పదిహేడు హ్యాండ్లకు ఒకసారి వస్తుంది గానీ, అది ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కల్లో, అదే రకం మూడో ముక్కతో కలిసేది ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకసారి మాత్రమే. కాబట్టి ఆ ఖాళీ సమయాన్ని ఎలా గడుపుతారన్నదే మీ వారాంతం ఎలా గడిచిందన్నది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఫోన్ చూస్తూ కూర్చునేవారికి పది గంటలు పదిహేనులా గడుస్తాయి. పైగా పక్కవారు ఏ ముక్కలతో ఎలా పందెం వేస్తున్నారో వారికి కనిపించదు. మొదటి రోజు హెడ్‌ఫోన్లను సంచిలోంచి బయటికి తీయకండి.

ఇక మాటల సంగతి. ఒక హ్యాండ్ ముగిసి తరువాతిది మొదలయ్యేలోపు మీరు ఏ విషయమైనా మాట్లాడవచ్చు. ఇద్దరు పందెంలో తలపడుతున్నప్పుడు ఆ హ్యాండ్ గురించి మూడోవారు ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. దీని వెనుక ఉన్న నియమం పేకాట పాతకాలం నుంచి ఉన్నదే: ఒక చేతిని ఒక్కరే ఆడాలి. ఈ నియమాన్ని నోటితోనే ఉల్లంఘించనక్కర లేదని నేను సిగ్గుపడుతూ నేర్చుకున్నాను. తొలి రోజుల్లో ఒకసారి చేతిలో ఏడు, ఆరు ఉంటే పారేశాను. ఫ్లాప్‌లో ఏడు, ఏడు, ఆరు వచ్చాయి. నాకు తెలియకుండానే ఉస్సూరని గట్టిగా నిట్టూర్చాను. పందెంలో ఉన్న ఇద్దరిలో ఒకాయన తన దగ్గర ఏడు ఉన్నట్టు నటిస్తూ పెద్ద పందెం వేశారు. పదుల జత పట్టుకున్న రెండో ఆవిడ నావైపు ఒకసారి చూశారు. పారేసిన ముక్కల్లో ఒక ఏడు ఉందని ఆవిడకు అర్థమైంది. అంటే ఎదుటివారి చేతిలో ఏడు ఉండే అవకాశం అంతకు అంత తగ్గిపోయింది. కాల్ చేశారు, అంటే ఆ పందేనికి సమానంగా చిప్స్ పెట్టారు, గెలిచారు. ఓడినాయన లేచి వెళ్తూ నన్నేమీ అనలేదు. ఆ మౌనం ఫ్లోర్ నుంచి వచ్చిన హెచ్చరిక కంటే ఎక్కువగా గుచ్చుకుంది. అప్పటినుంచి నేను పారేసిన ముక్కలు ఏవో మరుక్షణం మరచిపోయినట్టు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

హ్యాండ్ మధ్యలో ఎదుటివారు మిమ్మల్నే మాటల్లోకి దింపడం మరో రకం. "ఆసు ఉందా మీ దగ్గర? పారేస్తే చూపిస్తారా?" అని ఎంతో ఆప్యాయంగా అడుగుతారు. అది స్నేహం కాదు, మీ గొంతు ఎలా మారుతుందో వినడానికి చేసే ప్రయత్నం. అందులో తప్పు పట్టవలసింది కూడా లేదు, అది ఆటలో భాగమే. మీరు జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. పైగా చేతిలోని ముక్కలు ఫలానావని హ్యాండ్ నడుస్తుండగా బయటపెట్టడం చాలా టోర్నమెంట్లలో నిషిద్ధం. ఒక చిరునవ్వు నవ్వి బల్ల వైపు చూస్తూ కూర్చోండి. హ్యాండ్ అయ్యాక అదే మనిషితో హాయిగా కబుర్లు చెప్పవచ్చు. బాగా ఆడేవారు ఈ రెండు ముఖాలనూ ఏ ఇబ్బందీ లేకుండా మార్చుకోగలరని మీకే తెలుస్తుంది.

మీ బిడియస్తుడైన మిత్రుడి గురించి దిగులు పడకండి. బల్ల దగ్గర తప్పనిసరిగా పలకవలసిన మాటలు నాలుగైదే: కాల్, రైజ్ (పందెం పెంచడం), ఫోల్డ్ (ముక్కలు పారేయడం), చెక్ (పందెం వేయకుండా వంతు వదలడం), ఒక అంకె. నిజానికి ఆయనకు నేనిచ్చే సలహా, చిప్స్ కదిలించే ముందు ఆ మాటను స్పష్టంగా పలకమనే. ఆన్‌లైన్‌లో మీటను నొక్కితే లెక్కంతా యంత్రమే చూసుకుంటుంది. ఇక్కడ చేతి కదలికకే అర్థం ఉంటుంది. ఎదుటివారు 200 పందెం వేసినప్పుడు మీరు మాట్లాడకుండా ఒకే ఒక 1,000 చిప్ ముందుకు వేస్తే, మీ మనసులో రైజ్ ఉన్నా సరే, అది కాల్ మాత్రమే అవుతుంది. కొన్ని చిప్స్ పెట్టి, ఎదుటివారి ముఖం చూసి, మళ్ళీ కొన్ని పెడితే దాన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. రెండోసారి పెట్టినవి వెనక్కి తీసుకోవలసి వస్తుంది. ముందే "రైజ్, పన్నెండు వందలు" అని చెప్పేస్తే ఈ తగాదాలేవీ ఉండవు, ఎందుకంటే మీ వంతులో మీరు నోటితో చెప్పినదానికి మీరు కట్టుబడాలి. ఇలాంటి నియమాలు ఒకప్పుడు ఒక్కో హాల్లో ఒక్కో రకంగా ఉండేవి. 2001లో టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ ఏర్పడ్డాక ఉమ్మడి నియమావళి ఒకటి వచ్చింది, చాలా చోట్ల దాన్నే కొద్ది మార్పులతో పాటిస్తున్నారు. ముందు రోజు ఒకసారి దాన్ని చదివి వెళ్ళండి.

ముక్కలను కాపాడుకోవడం మాత్రం చదివితే వచ్చేది కాదు, అలవాటు కావాలి. నేను ఫ్లోర్ చూస్తున్న రోజుల్లో ఒక కుర్రవాడు డీలర్‌కు ఆనుకుని ఉన్న మొదటి కుర్చీలో కూర్చున్నాడు. మంచి ముక్కలే వచ్చాయి. రైజ్ చేసి, ఆ రెండు ముక్కలను బల్ల మీద అలాగే వదిలి, వెనక్కి వాలి కూర్చున్నాడు. పక్కవారు పారేసిన ముక్కలతో పాటు డీలర్ అతని ముక్కలను కూడా లాగి కట్టలో కలిపేశారు. నన్ను పిలిచారు. కలిసిపోయిన ముక్కలు ఏవో తేల్చలేని పరిస్థితిలో ఆ హ్యాండ్ చచ్చిపోయినట్టే లెక్క. ముక్కలను కాపాడుకునే బాధ్యత ఆటగాడిదే అని నియమం. "ఇందులో నా తప్పేముంది సార్?" అన్నాడు. డీలర్ పొరపాటు ఉన్నా తీర్పు మారదని చెప్పడం నాకూ కష్టంగానే అనిపించింది. ఆ పక్కనే కూర్చున్న పెద్దాయన ఒకరు జేబులోంచి ఒక పాత నాణెం తీసి ఆ అబ్బాయి ముందు పెట్టి, "ఇకనుంచి ముక్కలు రాగానే దీన్ని మీద పెట్టు బాబూ, లేచేటప్పుడు ఇచ్చేద్దువుగాని" అన్నారు. గంట తరువాత అటువైపు వెళ్తే ఆ ఇద్దరూ పాత పరిచయస్థుల్లా మాట్లాడుకుంటున్నారు. మీరు కూడా ఒక నాణెమో, చిన్న రాయో తీసుకువెళ్ళండి. ముక్కల రక్షణకే కాక మాట కలపడానికీ పనికొస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం: మిత్రులు ఒకే టోర్నమెంటులో ఆడటం. కుర్చీలు చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా వస్తాయి, పైగా ఆటగాళ్ళు తగ్గేకొద్దీ బల్లలను విడగొట్టి మిగిలినవారిని సర్దుతుంటారు కాబట్టి, మీలో ఇద్దరు ఎప్పుడో ఒకప్పుడు ఎదురెదురుగా కూర్చునే అవకాశం బాగానే ఉంది. ఆ క్షణం నుంచి బల్ల మీద మీకు మిత్రులు లేరు. మిత్రుడని పందెం తగ్గించడం, గెలిచే ముక్కలు ఉండి కూడా చెక్ చేయడం మీకు మర్యాదగా తోచవచ్చు. మిగిలిన ఏడుగురి దృష్టిలో మాత్రం అది మోసమే, ఎందుకంటే టోర్నమెంటులో ఒకరు బతికితే ఆ మేరకు మిగిలినవారి వాటా తగ్గుతుంది. ఒకసారి ఒక ఆటగాడు ఆల్-ఇన్ అయ్యాక, అంటే తన చిప్స్ అన్నీ పందెంలో పెట్టేశాక, పందెంలో మిగిలిన మిత్రులిద్దరిలో ఒకరు "మనిద్దరం చెక్ చేసుకుంటూ పోదాంలే" అని పైకే అన్నారు. అమాయకంగా అన్న మాటే. కానీ అది బహిరంగంగా కుమ్మక్కు కావడమే. ఆయనను కొన్ని రౌండ్లు బల్లకు దూరంగా నిలబెట్టవలసి వచ్చింది, ఆ సేపూ ఆయన బ్లైండ్లు కరుగుతూనే ఉన్నాయి. ఎవరికి వారుగా చెక్ చేసుకోవడం వేరు, ఒప్పందం చేసుకోవడం వేరు.

నా బావమరిదీ నేనూ ఒక ఏడు ఇలాగే తలపడ్డాం. నా దగ్గర రాజుల జత, అతని దగ్గర ఆసు-రాణి. చిప్స్ అన్నీ ఫ్లాప్‌కు ముందే మధ్యలోకి వెళ్ళాయి. ఆ పరిస్థితిలో రాజుల జత పదింట సుమారు ఏడుసార్లు గెలుస్తుంది, ఆ రోజూ గెలిచింది. చేయి కలిపి వెళ్ళిపోయాడు. విరామంలో కలిసినప్పుడు నేనేదో సంజాయిషీ మొదలుపెట్టబోతే, "ఆ రాజులు పక్కాయన చేతిలో ఉన్నా నేను పోయేవాణ్ణే కదా బావా, నీ దగ్గరైతే చిప్స్ ఇంట్లోనే ఉన్నాయి" అన్నాడు. మీ నలుగురూ ఇలా అనుకోగలిగితే కలిసి వెళ్ళండి; అనుకోలేకపోతే వేరువేరు టోర్నమెంట్లలో పేర్లు ఇవ్వడం స్నేహానికి మంచిది.

మిత్రుల మధ్య బహుమతిలో వాటాలు మార్చుకోవడం మామూలే: నీ గెలుపులో ఐదు శాతం నాకు, నా గెలుపులో ఐదు శాతం నీకు. అది తప్పు కాదు గానీ, మొదటి ముక్క పంచకముందే మాట్లాడుకుని, ఫోన్‌లో ఒక సందేశంగా రాసి పెట్టుకోండి. ఓడిపోయి మళ్ళీ రుసుము కట్టి ప్రవేశిస్తే ఆ వాటా కొనసాగుతుందా, ఆ రెండో రుసుము మినహాయించాకే లెక్క వేయాలా అన్నవి కూడా అందులో ఉండాలి. ఇవి రాసుకోనందువల్ల మాటలు ఆగిపోయిన స్నేహాలు నాకు తెలుసు. వాటా ఎక్కువగా పెట్టుకుంటే మాత్రం ఎదురుపడినప్పుడు చేయి మెత్తబడుతుంది. ఐదు శాతం దాటకపోవడం మేలని నా అభిప్రాయం.

డబ్బు విషయంలో నిజం చెప్పాలంటే, మీలో ఎక్కువమంది కట్టినది పోగొట్టుకునే తిరిగి వస్తారు. సాధారణంగా ప్రవేశించినవారిలో నూటికి పది నుంచి పదిహేనుమందికి మాత్రమే బహుమతి అందుతుంది. మీ నలుగురికీ చెరో పదిహేను శాతం అవకాశం ఉందనుకున్నా, ఒక్కరైనా బహుమతి తెచ్చుకునే అవకాశం సగానికి కొంచెం తక్కువే. నలుగురూ ఖాళీ చేతులతో రావడమే కాస్త ఎక్కువ సంభవం. కాబట్టి పోయినా నొప్పి తెలియని మొత్తాన్ని, ఎన్నిసార్లు తిరిగి ప్రవేశించవచ్చో ఆ సంఖ్యను ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. ఓడిన పది నిమిషాల్లో తీసుకునే నిర్ణయం ఎవరికైనా చెడ్డదే. ఓడినవారికి అందుబాటులో ఉండే క్యాష్ గేమ్ (టోర్నమెంటు కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఆట) బల్లలు సరిగ్గా ఆ పది నిమిషాల మీదే బతుకుతాయి. ముందుగానే అడిగి తెలుసుకోవలసిన వివరాలు కూడా కొన్ని ఉన్నాయి. ఒక్కో లెవెల్ (బ్లైండ్లు మళ్ళీ పెరిగేదాకా ఉండే వ్యవధి) ఎన్ని నిమిషాలు, మొదట ఇచ్చే చిప్స్ ఎన్ని బిగ్ బ్లైండ్లకు (రెండు బ్లైండ్లలో పెద్దది) సమానం, ఎప్పటిదాకా కొత్త ప్రవేశాలు తీసుకుంటారు అన్నవి చూడండి. ఇరవై నిమిషాల లెవెళ్ళయితే కబుర్లకు తీరిక లేకుండా ఆట పరుగెడుతుంది. నలభై నిమిషాలవయితే మీరు కోరుకున్న వారాంతం దొరుకుతుంది.

ఓడిన తరువాత ఏం చేయాలన్నది ఎవరూ అడగరు గానీ, మీలో ముగ్గురికి అదే ఎక్కువ సమయం. లేచేటప్పుడు "బాగా ఆడారు" అని ఒక మాట చెప్పి వెళ్ళడం చాలు. తరువాత మీ మిత్రుడి కుర్చీ వెనుక నిలబడి అతని ముక్కలు చూడకండి. మీ ముఖం చూసి ఎదుటివారు అతని ముక్కలు చదివేస్తారు. కట్టిన తాడుకు అవతల నిలబడి, విరామంలో నీళ్ళు అందించి, అతను చెప్పేది వినండి. సలహా అడిగితే, హ్యాండ్ నడవనప్పుడు మాత్రమే ఇవ్వండి. బహుమతి దక్కే స్థానానికి ఒక్కరు ఎక్కువగా ఉన్న దశను బబుల్ అంటారు. అప్పటిదాకా గలగలలాడిన హాలు ఆ పావుగంట పరీక్ష గదిలా మారిపోతుంది. ఏ బల్ల కూడా ముందుకు పోకుండా అందరూ ఒక్కో హ్యాండ్ చొప్పున కలిసి ఆడతారు. ఆ ఒక్కరు పోయిన క్షణంలో ఒకరినొకరు ఎరుగనివారు కూడా చేతులు కలుపుకోవడం చూడటానికైనా ఉండి వెళ్ళవచ్చు.

బల్ల దగ్గర క్షమించరానిది ఏమిటని నన్ను అడిగితే, స్లో రోల్ అంటాను. ఎదుటివారు ఆల్-ఇన్ అయ్యాక, తిరుగులేని ముక్కలు చేతిలో ఉండి కూడా ఆలోచిస్తున్నట్టు నటించి, వారు గెలిచామని సంతోషపడేదాకా ఆగి, అప్పుడు ముక్కలు తిప్పడం. నియమాల పుస్తకం దీన్ని శిక్షించకపోవచ్చు. బల్ల మాత్రం ఆ రెండు రోజులూ గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో మిత్రుల మధ్య ఇది హాస్యంగా చెల్లుబాటయ్యి ఉంటుంది కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఈ ఆట పోటీగా మారిన తీరులోనే కలుపుగోలుతనం ఉందనిపిస్తుంది. 1970లో లాస్ వేగస్‌లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ కేసినోలో ఏర్పాటు చేసిన తొలి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో విజేతను చిప్స్ లెక్కపెట్టి తేల్చలేదు. అక్కడ చేరినవారు ఓటు వేసి జానీ మాస్‌ను ఎన్నుకున్నారు. అందరి చిప్స్ ఒకరి దగ్గరికి చేరేదాకా ఆడే పద్ధతి ఆ మరుసటి ఏడు వచ్చింది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా ప్రవేశించి, 839 మంది ఆడిన ప్రధాన టోర్నమెంటును గెలిచాడు. 2006 వచ్చేసరికి అదే పోటీలో 8,773 మంది కూర్చున్నారు. వారిలో అత్యధికులు మీవంటివారే. రుసుము కట్టిన ఎవరైనా ప్రపంచ విజేత పక్క కుర్చీలో కూర్చోగల పోటీలు ఎక్కువ లేవు. అలాంటి అవకాశం వస్తే ఆయనను ప్రశ్నలతో వేధించకండి, ఎన్నిసార్లు ముక్కలు పారేస్తున్నారో లెక్కపెట్టండి.

మొదటి రోజు చివర మిగిలినవారు చిప్స్ లెక్కపెట్టి, సంచిలో వేసి, సంచి మీద పేరూ మొత్తమూ రాసి మూసేస్తారు. ఆ రాత్రి అందరూ కలిసి భోజనానికి కూర్చుంటే ప్రతివారికీ తన దురదృష్టం చెప్పుకోవాలని ఉంటుంది. మా జట్టులో మనిషికి ఒక్క కథే అని కట్టుబాటు పెట్టుకున్నాం. రెండో కథ ఎత్తినవారు భోజనం ఖర్చు భరించాలి. దీనివల్ల చెప్పే ఒక్క కథనైనా జాగ్రత్తగా ఎంచుకుంటారు, మరుసటి రోజు ఆడవలసినవారు సమయానికి నిద్రపోతారు.

చివరిగా, నలుగురూ ఒకే బండిలో వెళ్తున్నారేమో చూసుకోండి. ఒకరు తొలి గంటలోనే ఓడిపోవచ్చు, మరొకరు రెండో రోజు అర్ధరాత్రి దాకా ఆడుతూ ఉండవచ్చు. ఎవరు ఎప్పటిదాకా ఆగుతారు, ఆగలేనివారు ఎలా తిరిగి వస్తారు అన్నది బయలుదేరేముందే తేల్చుకోండి. ఆఖరి బల్ల దాకా వచ్చిన మనిషికి, బయట ముగ్గురు ఆవులిస్తూ తనకోసం కాచుకుని ఉన్నారన్న ఆలోచన వస్తే, ఆడకూడని ముక్కలతో ఆల్-ఇన్ అనేస్తాడు. ఒకసారి నేనే అలా చేశాను.